చక్కెరవ్యాధికి బడి

పెద్ద ఆసుపత్రి ఏదైనను సరే, మధుమేహరోగులను చూచు దినమున ప్రాతఃకాలముననే అచ్చటికి పోయినవారికి ఒక దృశ్యము కనబడును. పరగడుపున వచ్చిన జనము బారులు తీరి రక్తము నిచ్చుచుందురు. పిమ్మట ఎదుటి కాఫీహోటలులో ఇడ్లీయో ఉప్మాయో తిని, తిరిగి వచ్చి, చెట్టునీడననో వసారాలోని సిమెంటుబల్లపైననో కూర్చుందురు. రెండు గంటలు గడచిన తరువాత మరల రక్తము నీయవలెను. ఆ కాగితములు చేతికి వచ్చి, వైద్యునియొద్దకు వంతు వచ్చుసరికి మధ్యాహ్నమగును. వైద్యుడు కాగితము చూచును. ఒక మాత్ర పెంచును, లేదా తగ్గించును. అన్నము తగ్గింపుమనియు నడువుమనియు చెప్పును. రెండుమూడు నిమిషములలో పని ముగియును. వెనుక ఇంకను నూరుమంది నిలిచియున్నారు కనుక వైద్యుని తప్పు పట్టుటకు వీలు లేదు.

సంవత్సరమునకు 8,760 గంటలు. మూడునెలల కొకసారి తప్పక వచ్చు రోగి సైతము వైద్యునియెదుట గడపునది ఏటికి మొత్తము పావుగంటకు మించదు. తక్కిన కాలమంతయు తనకు తానే వైద్యుడు. ఏమి తినవలెను, ఎంత తినవలెను, ఎండలో పొలము పని చేసిన దినమున సూదిమందు తగ్గింపవలెనా, జ్వరము వచ్చి తిండి సయింపనపుడు మందు వేసికొనవలెనా మానవలెనా, కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నచో ఏమి చేయవలెను - ఇట్టి నిర్ణయములు దినమునకు పది చేయవలసి యుండును. మందుల చీటీపై వీనిలో ఒక్కటియు వ్రాసియుండదు. ఆ విద్య అతనికి ఎవరు నేర్పిరి? ఈ ప్రశ్నకు తెలుగునాట గాని దేశమున మరి యే మూల గాని తృప్తికరమగు సమాధానము దొరకుట కష్టము.

ప్రశ్న చిన్నది కాదు. భారత వైద్య పరిశోధన మండలి పక్షమున 2008 నుండి 2020 వరకు జరిగిన పెద్ద సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. ఇరువదియేండ్లు దాటిన 1,13,043 మందిని పరీక్షించి వేసిన అంచనా ప్రకారము దేశమున 10 కోట్ల 10 లక్షలమంది మధుమేహులు. ఆ గుమ్మమునొద్దకు వచ్చి నిలిచినవారు మరి 13 కోట్ల 60 లక్షలమంది. ఇంతమందికి వైద్యుని యెదుట పావుగంటకు బదులు గంట చొప్పున ఇప్పించుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాని పని. మాత్రలు పంచవచ్చును, పంచుచున్నారు కూడ. కాని మాత్రను మింగు మనిషికి దాని సంగతి తెలియనిచో మాత్ర సగము పని మాత్రమే చేయును. ఒక్కొక్కప్పుడు కీడును చేయును.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1921లో టొరాంటో నగరమున ఇన్సులిన్ కనుగొనబడి, 1922 జనవరిలో తొలిసారి ఒక బాలునికి ఇచ్చిననాటినుండియు ఇది వైద్యులను వెన్నాడుచునే యున్నది. అంతకు ముందు ఆ వ్యాధి సోకిన పిల్లలు నెలలలోనో ఒకటిరెండేండ్లలోనో మరణించుచుండిరి. ఇన్సులిన్ వారిని బ్రతికించినది; కాని బ్రతికినంతకాలము ప్రతిదినము దానిని కొలిచి పొడుచుకొను భారమును వారిపైననే ఉంచినది. కొలతలో పొరపాటు జరిగినచో మందే ప్రాణము తీయును. అమెరికాలోని బోస్టన్ నగరమున ఇలియట్ జాస్లిన్ అను వైద్యుడు దీనిని అందరికంటె ముందుగా గ్రహించెను. ఇన్సులిన్ రాకకు మూడేండ్లు ముందే, 1918లో, వైద్యునికిని రోగికిని పనికివచ్చునట్లు ఆయన ఒక పుస్తకము ప్రచురించెను. ఆనాటి వైద్యలోకమునకు అది వింతయే. వైద్యశాస్త్రము రోగి చేతికీయదగిన వస్తువు కాదని ఎంచు కాలమది. జాస్లిన్ నర్సులకు బోధన నేర్పి రోగుల ఇండ్లకు పంపెను. ఆసుపత్రిలో చేరినవారిని తరగతులలో కూర్చుండబెట్టెను. 1962లో ఆయన మరణించునాటికి ఆ పద్ధతిని పొగడినవారు అనేకులు, అనుసరించినవారు కొలదిమంది.

పొగడ్త ఆచరణకు దిగుటకు మరి పదేండ్లు పట్టినది. లాస్‌ఏంజిలిస్ పట్టణపు బీదల ఆసుపత్రిలో లియోనా మిల్లర్ అను వైద్యురాలు రోగులకు పాఠములు చెప్పించి, సందేహము కలిగినపుడు పిలుచుటకు ఒక టెలిఫోను ఏర్పరచెను. స్పృహతప్పిన స్థితిలో ఆసుపత్రికి వచ్చు మధుమేహుల సంఖ్య మూడింట రెండువంతులు తగ్గినదని 1972లో ఆమె ప్రకటించినపుడు వైద్యులు తలలెత్తి చూచిరి. అటుతరువాత జెనీవాలో జాన్ ఫిలిప్ అసాల్, జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫులో మైకేల్ బెర్గర్, ఇంగ్రిడ్ మ్యుల్‌హౌజర్ అనువారు తరగతులకు ఒక శాస్త్రీయరూపము కల్పించిరి. డ్యుసెల్‌డార్ఫు పాఠము ఐదుదినములది. రోగి ఆ ఐదుదినములును తన తోటివారితో కలిసి కూర్చుండి, తినబోవు ఆహారములో పిండిపదార్థమెంతో లెక్కించి, దానికి తగిన ఇన్సులిన్ తానే నిర్ణయించుకొనుట నేర్చుకొనును. వైద్యుడు వ్రాసిన మందునకు సరిపడునట్లు రోగి తినుట పాతపద్ధతి. రోగి తినుదానికి సరిపడునట్లు మందును తానే సవరించుకొనుట క్రొత్తపద్ధతి. ఈ తారుమారు చూచుటకు స్వల్పముగ తోచును గాని, పెత్తనము ఒక చేతినుండి మరొక చేతికి మారిన సందర్భమిది.

ఇంగ్లండు వైద్యులు డ్యుసెల్‌డార్ఫునకు పోయి చూచివచ్చి, దానినే 'డాఫ్నె' అను పేర తమ దేశమున నాటిరి. షెఫీల్డు, లండను, నార్త్ టైన్‌సైడు కేంద్రములలో 169 మందిపై జరిపిన ప్రయోగఫలితము 2002లో వెలువడెను. సోమవారము మొదలు శుక్రవారము వరకు ఐదుదినములు. తరగతికి ఆరుగురు మొదలు ఎనమండుగురు. గురువులు ఒక నర్సు, ఒక ఆహారనిపుణురాలు. ప్రతి ఉదయమున విద్యార్థులు తమతమ రక్తపరీక్షల అంకెలను అందరియెదుట బయటపెట్టవలెను. నిన్నటి రాత్రి ఒకరి అంకె ఏల పెరిగినది, మరొకరిది ఏల పడిపోయినది అని తరగతియంతయు చర్చించును. తప్పు ఎవరిదో తేల్చుటకు కాదు, లెక్క ఎచ్చట తప్పినదో తేల్చుటకు. మూడునెలల చక్కెర సరాసరిని తెలుపు గ్లైకేటెడ్ హిమోగ్లోబిన్ అను కొలత ఆరునెలలకు పాఠము విన్నవారిలో 8.4 శాతము, ఇంకను విననివారిలో 9.4 శాతము. ఆ ఒక్క పాయింటు తేడాను చులకన చేయరాదు. ఆ దేశముననే ఇరువదియేండ్లు సాగిన మరొక మహాపరిశోధనలో, సరాసరి ఒక పాయింటు తక్కువగ నున్నవారికి కన్నులు, మూత్రపిండములు చెడు ప్రమాదము మూడింట ఒకవంతుకు పైగా తక్కువగ కనబడినది. వీనికి మించి, ఇష్టమైనది తినగలుగు స్వేచ్ఛ తమకు తిరిగి వచ్చినదని డాఫ్నె విద్యార్థులు చెప్పిరి. ఒక వ్యాధి చికిత్సలో స్వేచ్ఛ పెరుగుటయు చక్కెర తగ్గుటయు ఏకకాలమున జరుగుట అరుదు.

ఇది ఇన్సులిన్‌పైననే ఆధారపడినవారి సంగతి. నడివయస్సున వచ్చు మధుమేహము, అనగా నూటికి తొంబదిమందికి పైగా కలిగియున్నది, వేరు రకము. ఇందు తొలియేండ్లలో బాధ ఏమియు నుండదు. బాధలేని వ్యాధికి బడికి పొమ్మనిన ఎవరు పోవుదురు? అయినను ఇంగ్లండులోని బర్న్‌లీ ప్రాంతమున 314 మందితో వారమునకు రెండుగంటల చొప్పున ఆరువారములు జరిపిన 'ఎక్స్‌పర్ట్' తరగతులు మంచి ఫలితమే ఇచ్చినవి. పదునాలుగు నెలల తరువాత కూడ విద్యార్థుల చక్కెర సరాసరి 0.6 పాయింటు తగ్గియే యున్నది. తరగతికి రానివారిది కొంచెము పెరిగినది. అప్పటివరకు ప్రపంచమున జరిగిన పదకొండు ప్రయోగములను, 1,532 మంది వృత్తాంతములను, 2005లో ఒకచో చేర్చి చూచినవారు, తరగతికి వచ్చిన ప్రతి ఐదుగురిలో ఒకరికి మందులు తగ్గునని లెక్క తేల్చిరి.

ఇంతవరకు విన్నవారికి ఇది సర్వరోగనివారిణియేమో అను భ్రమ కలుగవచ్చును. ఆ భ్రమను పోగొట్టిన ప్రయోగమును కూడ అదే దేశము జరిపినది. 'డెస్మండ్' అను పేర, వ్యాధి క్రొత్తగా బయటపడిన 824 మందిలో ఒక భాగమునకు ఆరుగంటల పాఠము చెప్పించిరి. తక్కినవారికి మామూలు వైద్యము. 2008లో వెలువడిన ఫలితమును బట్టి చూడగా, పాఠము విన్నవారు బరువు కొంచెము ఎక్కువగ తగ్గిరి, పొగత్రాగుట మానినవారు వారిలో ఎక్కువ, దిగులు తక్కువ. కాని ఏడాది తిరుగుసరికి రక్తములోని చక్కెర విషయమున రెండు వర్గములకును చెప్పుకొనదగిన భేదము లేదు. మూడేండ్లకు మరల చూచినపుడు బరువు తేడాయు నిలువలేదు. నిలిచినది ఒక్కటే: వ్యాధి జీవితాంతముండునదనియు, తమ చేతలచే దానిని ప్రభావితము చేయవచ్చుననియు వారికి కలిగిన అవగాహన. ఆరుగంటల పాఠమునకు మూడేండ్ల ఫలమును ఆశించుట ఎంతవరకు న్యాయమో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు. జూనులో ఒకపూట చెప్పిన త్రైరాశికమును పునశ్చరణ లేకుండ మార్చిలో పరీక్షించినచో ఏ తరగతియైనను అదే ఫలితము చూపును.

డెస్మండ్ ఓడిపోయినది అనుటకు తొందరపడరాదు. బోధనాశాస్త్రమునకు అది ఇచ్చిన కానుక ఒకటి కలదు. ఆ తరగతులలో గురువు ఉపన్యసింపడు. ఈ వ్యాధి నీకేల వచ్చినదని నీవనుకొనుచున్నావు, ముందు ముందు ఏమగునని భయపడుచున్నావు అని మొట్టమొదట విద్యార్థులనే అడుగును. వారి సమాధానములపైననే పాఠము నడచును. గురువులను తనిఖీ చేయు పద్ధతి మరియు విచిత్రము: తరగతిలో ఒకరు గడియారము పెట్టుకొని కూర్చుండి, పది సెకండ్ల కొకసారి మాటలాడుచున్నది గురువా శిష్యుడా అని గుర్తు వేయుచుందురు. గురువు తక్కువ మాటలాడిన తరగతులలో శిష్యుల నమ్మకములు ఎక్కువగా మారినట్లు కనబడినది. ఇట్టి తనిఖీని పాఠశాలలకును కళాశాలలకును పెట్టినచో ఎందరు నెగ్గుదురో చెప్పజాలము!

పునశ్చరణతో కూడిన బడి ఎట్లుండునో చూపినది ఇటలీలోని ట్యూరిన్ నగరము. మారినా ట్రెంటో అను ఆమె బృందము 112 మంది మధుమేహులను రెండు సమభాగములు చేసి, ఒక భాగమును మామూలుగ ఒక్కొక్కరినే వైద్యునియొద్దకు పంపినది. రెండవ భాగమువారు వైద్యదర్శనమునకు బదులు మూడునెలల కొకసారి చిన్నచిన్న గుంపులుగ తరగతికి వత్తురు. పాఠమైన తరువాత అవసరమున్నవారిని మాత్రము వైద్యుడు విడిగా చూచును. ఐదేండ్లు ఇట్లు సాగినది. ఒంటరిగా పోయినవారి చక్కెర సరాసరి ఆ ఐదేండ్లలో 1.7 పాయింట్లు పెరిగినది. ఈ వ్యాధిలో ఏటేట పెరుగుట సహజము కూడ. తరగతివారిది 0.1 మాత్రమే పెరిగినది, అనగా ఉన్నచోటనే నిలిచినది. ఆ దేశమున పదమూడు చికిత్సాలయములలో 815 మందిపై జరిపి 2010లో ప్రకటించిన పరిశీలనయు ఇదే మార్గమున సాగినది. ఇచ్చట గ్రహింపదగినది, వారు వైద్యమునకు ఒక తరగతిని అదనముగ తగిలింపలేదు; వైద్యదర్శనమునే తరగతిగ మార్చిరి.

గుంపులో చెప్పుట చౌక అనుట ఒక్కటే దీని సమర్థన కాదు. పెండ్లివిందులో మధుమేహి పడు అవస్థ అందరెరిగినదే. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్లు, విస్తరిలో బూరె మానినవాడు పదిమందికి సంజాయిషీ చెప్పుకొనవలెను. తరగతిలో అందరును ఉలిపికట్టెలే కనుక ఆ సిగ్గు తొలగును. వైద్యుని యెదుట నోటరాని ప్రశ్న పక్కవాని నోట వచ్చును. మాత్రలు మానివేసితిననియు, పసరు త్రాగుచున్నాననియు, భర్తకు తెలియకుండ మిఠాయి తింటిననియు వైద్యునితో చెప్పనివారు తోటివారితో చెప్పుకొందురు. తోటివాడు తొడ కోసికొన్నచో తాను మెడ కోసికొనెదనను సామెత అనుకరణను ఎగతాళి చేయును గాని, తోటివాడు నడకకు బయలుదేరినచో తానును బయలుదేరుట మనుష్యస్వభావమే.

అయినను పాశ్చాత్యదేశములలో తరగతులున్నవి గాని విద్యార్థులు లేరు. ఇంగ్లండున రోగులందరికిని క్రమబద్ధమైన విద్య నేర్పవలెనని 2003లోనే ప్రభుత్వసంస్థ ఆదేశించినది. క్రొత్తగా వ్యాధి బయటపడినవారిలో అత్యధికులకు ఆహ్వానము అందుచున్నదనియు, వచ్చినట్లు నమోదైనవారు పదింట ఒకరికంటె తక్కువ అనియు 2010 తరువాతి జాతీయ లెక్కలు తెలిపినవి. నమోదులో లోపములు కలవని అధికారులే ఒప్పుకొనిరి; ఎన్ని లోపములున్నను కొరత పెద్దదే. రానివారిని విచారించిన పరిశోధకులకు రెండు తెగలవారు కనబడిరి: రాలేనివారు, రాదలపనివారు. రాలేనివారికి పనివేళ, దూరము, ఖర్చు అడ్డము. రాదలపనివారికి తాము బాగుగనే యున్నామను ధీమా, లేక నలుగురిలో రోగిగ కనబడుటకు సిగ్గు. మొదటి తెగను ఏర్పాట్లతో రప్పింపవచ్చును. రెండవ తెగను రప్పించుటకు ఏర్పాట్లు చాలవు.

భారతదేశమున దీనికి సంబంధించిన అనుభవము ఏమియు లేదనరాదు. మద్రాసు స్టాన్లీ ఆసుపత్రిలో ఎం. విశ్వనాథన్ 1948లోనే మధుమేహులకు ప్రత్యేక చికిత్సాలయము తెరచెను. ఆ నగరమున రామచంద్రన్ మున్నగువారు వ్యాధి గుమ్మమునొద్దనున్న 531 మందిని మూడేండ్లు పరిశీలించి 2006లో ప్రకటించినదేమనగా: పోలికకై ఉంచిన వర్గమున నూటికి 55 మంది మధుమేహులైరి, ఆహారము, వ్యాయామము నేర్పి వెంటబడిన వర్గమున 39 మంది మాత్రమే. మందుబిళ్ళ నిచ్చిన వర్గమున 40 మంది. అనగా నేర్పుట బిళ్ళతో సమానముగ పనిచేసినది. కేరళలో తిరువనంతపురము జిల్లా నెయ్యాట్టింకర తాలూకాలో అరువది పోలింగు ప్రాంతముల నెన్నుకొని, ఊరివారిలోనుండియే నాయకులను తయారుచేసి, నెలనెల సమావేశములు జరిపిరి. 2018లో తేలిన ఫలితము మధ్యస్థము: రెండేండ్లలో వ్యాధి తగిలినవారు సమావేశముల ప్రాంతములలో నూటికి 15 మంది, తక్కినచోట్ల 17 మంది. గణితశాస్త్రము దీనిని గెలుపుగ అంగీకరింపదు. కాని ఊరివారే ఊరివారికి చెప్పుకొనిన బడి ఏడాదిపాటు నడచినదనుట స్వల్పవిషయము కాదు.

తెలుగునాట ఇట్టి బడి పెట్టినచో అందు చెప్పవలసినది ఇంగ్లండు పుస్తకమున దొరకదు. ఇచ్చట మొదటి పాఠము అన్నము. దేశమున సగటు మనిషికి అందు శక్తిలో మూడింట రెండుపాళ్ళకు దగ్గరగ పిండిపదార్థములనుండియే వచ్చుచున్నది. అన్నము మాని గోధుమరొట్టెలు తినువారు రొట్టె చక్కెరగ మారదని నమ్ముదురు. నాలుగు రొట్టెలు తిన్నచో నాలుగింటి పిండియు చక్కెరయే అగును. జొన్న, రాగి మంచివే. కాని రాగిసంకటి ఎంత తిన్నను బాధలేదనుట ప్రమాదము. కంచమున అన్నము సగమునకు తగ్గి, కూరయు పప్పును ఆ చోటును ఆక్రమించినపుడే మార్పు కనబడును. ఇది చెప్పి ఒప్పించు పని కాదు, కంచము ఎదుట పెట్టి కొలిచి చూపు పని.

రెండవది ఉపవాసము. శనివారమనియు ఏకాదశియనియు రాత్రి భోజనము మానినవారు మాత్ర మానరు. కొన్ని మాత్రలు, ఇన్సులిన్, తిండి లేనిచోట రక్తములోని చక్కెరను మిక్కిలి పడగొట్టును. చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడుచున్నవానికి వెంటనే మూడుచెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగింపవలెను. పావుగంటకు తగ్గనిచో మరల ఈయవలెను. స్పృహ లేనివాని నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్చవలెను. కాని మధుమేహికి చక్కెర విషమని విన్న ఇంటివారు ఆ సమయమున చక్కెర డబ్బాను దాచిపెట్టుటయు సంభవమే. సగము విద్య ఎంత అపాయమో ఇంతకంటె స్పష్టముగ చెప్పజాలము. అందుచే తరగతికి రోగి ఒక్కడే వచ్చిన చాలదు. ఇంట వండి వడ్డించువారును రావలెను.

సూదిమందు సంగతి వేరు. ఇన్సులిన్ మొదలుపెట్టుట ఆఖరిదశకు గుర్తని భయపడి ఏండ్లతరబడి వాయిదా వేసి, కన్నులు చెడినపిమ్మట ఒప్పుకొనువారు కలరు. ఒప్పుకొన్నవారికి కొలత చిక్కు. ఈ దేశమున మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలును, 100 యూనిట్ల మందును రెండును అమ్ముచున్నారు. మొదటిదానికి ఎర్రమూత సిరంజి, రెండవదానికి నారింజరంగు మూత సిరంజి. 100 యూనిట్ల మందును ఎర్రమూత సిరంజితో తీసినవానికి రెండున్నర రెట్లు మందు పడును. అక్షరము రానివానికైనను రంగులు చూపి ఐదు నిమిషములలో నేర్పదగిన ఈ పాఠమునకు ప్రాణము విలువ కలదు. ఫ్రిజ్ లేని ఇంట మందుసీసాను మూత బిగించి, తడిమట్టికుండ చల్లదనమున దాచుకొనవచ్చుననుటయు ఇట్టిదే. పాదముల పాఠము మరొకటి. నరములు మొద్దుబారినవానికి నడచుచుండగా చెప్పు జారిపోయినను తెలియదు. ఎండకు కాలిన గుడి ప్రాంగణమున ప్రదక్షిణముచేసి బొబ్బలెక్కినను తెలియదు. రాత్రి పడుకొనబోవుముందు అరికాలు అద్దములో చూచుకొను అలవాటు లేనందున చిన్న పుండు పెద్దదై కాలు తీయవలసివచ్చిన కుటుంబములు ఎన్నో.

పాఠశాలలకును ఇందు ఒక భాగము కలదు. ఇన్సులిన్‌తో బ్రతుకు పిల్లలు ప్రతి జిల్లాలోను ఉన్నారు. తరగతి నడుమ ఆ పిల్లవాడు బిస్కటు తినబోయినచో అది క్రమశిక్షణ ఉల్లంఘనము కాదు. కేంద్ర మాధ్యమిక విద్యామండలి 2017లో అట్టి విద్యార్థులను తినుబండారములతో పరీక్షామందిరమునకు అనుమతించినది. బడిలో ఒక ఉపాధ్యాయునికైనను చక్కెర పడిపోయిన లక్షణములు తెలిసియుండుట ఆ పిల్లవాని తల్లిదండ్రులకు కొండంత ధైర్యము.

వయోజనులు రాత్రిపూట కూర్చుండి నేర్చుకొనరను వాదము తెలుగువారియొద్ద చెల్లదు. 1990 దశకపు తొలినాళ్ళలో నెల్లూరుజిల్లా దూబగుంటలో అక్షరములు దిద్దుకొనుటకు కూడిన స్త్రీలు, వాచకములోని సీతమ్మ కథ తమదేనని గుర్తించి, సారాపై తిరుగబడిరి. 1993 అక్టోబరు 1 నాటికి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. ఆ స్త్రీలను కదలించినది అక్షరములు కావు. తమ కష్టము ఒక్కరిది కాదని ఒకచోట కూర్చున్నపుడు తెలియుట. నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను పొదుపుసంఘములు ఊరూర నెలనెల కూడుచునే యున్నవి. మధుమేహ పాఠమునకు అవి సిద్ధమైన తరగతులు. కాని పురుషులు అందు లేరు. పాదములు పోగొట్టుకొనువారిలో పురుషులే హెచ్చు.

ఎవరు చెప్పవలెననుట చివరి చిక్కు. 2010లో మొదలైన జాతీయ కార్యక్రమము క్రింద ముప్పదియేండ్లు దాటినవారికి రక్తపరీక్షలు చేయుచున్నారు. వ్యాధి కనుగొనుట ఒక ఎత్తు, దానితో బ్రతుకుట నేర్పుట మరొక ఎత్తు. లెక్కకు అందునది మొదటిది కనుక ఉద్యోగుల శ్రమ అంతయు అటే పోవుచున్నది. ఆశా కార్యకర్తలపై ఇప్పటికే మోయలేనన్ని పనులున్నవి, వారి చేతికి మరొక రిజిస్టరు ఇచ్చుట న్యాయము కాదు. ఇంగ్లండు, జర్మనీ, ఇటలీ మూడుచోట్లను పాఠము చెప్పినవారికి ముందుగా బోధనలో తరిఫీదు ఇచ్చిరి. ఆ తరిఫీదునకు జీతము, సమయము, పదవి కల్పింపనిచో తరగతి పేర గోడపై ఒక పటము వ్రేలాడును, అంతే.

చోటును సమయమును మాత్రము వెదకనక్కరలేదు. పరగడుపు రక్తమునకును తిండి తిన్నతరువాతి రక్తమునకును నడుమ ఆసుపత్రి వసారాలో రోగులు ఊరక కూర్చుండు రెండు గంటలు ప్రతి ఊరను ఉన్నవి. కూలి అదివరకే పోయినది. బస్సుచార్జీ అదివరకే అయినది. వెంట ఇంటివారును వచ్చియున్నారు. రాలేనివారను తెగ అచ్చట లేదు. రాదలపనివారు సైతము కాగితము చేతికి వచ్చువరకు కదలలేరు. ఒక నల్లబల్ల, రెండు రంగుల మూతల సిరంజిలు, అన్నము కొలుచుటకు ఒక కంచము, అరికాలు చూచుకొనుటకు ఒక అద్దము, తక్కువ మాటలాడు ఒక నర్సు - ఆ రెండు గంటలకు ఇవి చాలును. మరి మూడునెలలకు వారే మరల వత్తురు.